అక్షరానికి రెండు రూపాయలు

మంగళవారం ఆఖరి పీరియడు డ్రాయింగ్.
"ఇంట్ల ఏ కాయితం మిమ్ముల పేరు పెట్టి పిలుస్తదో
అది పట్టుకొని రండ్రి" అన్న.

వారం తిరిగేసరికి
ఏడో తరగతి బల్లల మీద అంగడి దిగింది.
బిస్కెట్ పుడలు, సబ్బు పెట్టెలు,
అఫ్రీన్ తెచ్చిన పురుగుమందు డబ్బా
(దాన్ని ముందుగాల బయట పెట్టిచ్చి
రెండుసార్లు చేతులు కడిగిచ్చిన).
మణితేజ ఒక ఫ్లెక్సీనే భుజాన ఏసుకొచ్చిండు.
కల్లంల మిరపకాయల కింద పరిచిందట.
నగల దుకాణం పెండ్లిపిల్ల,
బుగ్గ నిండ ఎర్ర మరకలు.
ఆమె నవ్వు ఇప్పంగనే
తరగతి తరగతంత తుమ్మింది.

"చూడుండ్రి, పుడ మీద పాలు ఎట్ల దుంకుతున్నయో.
మీ ఇంట్ల ఎన్నడన్న గట్ల దుంకినయా?"
"పొయ్యి మీద దుంకినయి సార్, అమ్మ నన్ను కొట్టింది."

ఎరుపు ఆకలిని లేపుతది,
పసుపు దూరంకెళ్లే చెయ్యి ఊపుతది అని చెప్పిన.
పెద్దక్షరం మన కోసం,
అడుగున చీమంత అక్షరం
వాళ్ల వకీలు కోసం.

ఇగ మీరు అమ్ముండ్రని
కాలిరిగిన కుర్చీ ముందట పెట్టిన.
మణితేజ రాసిండు:
'కూసుంటే నిద్ర రాదు. గ్యారంటీ!'
అటు పోతున్న హెడ్‌మాస్టరు ఆగి
ధరెంత అని అడిగిండు.

గుగులోతు నందిని మాత్రం కుర్చీ ముట్టలె.
షీటు నిండ ఒక పత్తికాయ,
గుమ్మడికాయంత,
మీద నీలం అక్షరాలు:
'తెల్ల బంగారం. ఎకరాకు ఇరవై కింటాళ్లు.'
ఆ చివరి కొమ్ము
గాలికి లేసిన పైటకొంగు లెక్క
పైకి పోయి, తిరిగి, సన్నగ ఆగింది.

నా చేతిల సుద్దముక్క ఆగింది.

"ఇదెక్కడ చూసినవ్ బిడ్డా?"
"మా ఇంటి గోడ మీద సార్.
నేను పుట్టకముందుకెళ్లి ఉన్నది."

చెప్పక తప్పలె.
ఈ నౌకరి రాకముందు
నర్సంపేట నుంచి తండాల దాక
సైకిలు హ్యాండిలుకు రెండు డబ్బాలు,
ఒకదాంట్ల సున్నం, ఒకదాంట్ల నీలం.
అక్షరానికి రెండు రూపాయలు.
ఒత్తులకు ఇయ్యకపోదురు.
గోడ ఎవరిదని అడగలె,
ఇత్తనం మొలుస్తదా అనీ అడగలె.

"అబద్ధమని ఎరికేనా సార్ అప్పుడు?"
ఎవరడిగిండ్రో చూడలె.
"లైను వంకర పోవద్దని, గంతే ఎరిక."

"ఆ ఇత్తనం మీ నాయిన ఏసిండా?"
"తాత ఏసిండు."
ఆ పిల్ల అంతకన్న చెప్పలె,
నేను అడగలె.
కిటికీల నుంచి మధ్యాహ్నం అన్నం గిన్నెలు
తోముతున్న సప్పుడు.

ఆదివారం వచ్చి తుడిచేస్తనన్న.
"వద్దు సార్, మా దాది
దాని మీద బొగ్గుతోని పాల లెక్క గీస్తది."
కింటాళ్ల కింద లీటర్లు.
"తుడుసుడెందుకు గని
ఆ కొమ్ము తిప్పుడు నాకు నేర్పుండ్రి,
నాకు తోక సక్కగ వస్తలేదు."

నేర్పిన.
మణికట్టు కాదు, మోచెయ్యి తిరగాలె అని,
ఊపిరి బిగపట్టి ఒక్క గీతల దించాలె అని.
నెల రోజులు రాసింది,
నా కన్న మంచిగ రాసింది.

రాసి రాసి
ఒకనాడు బడి గేటు కాడి బోరింగు మీద
తాటికాయంత అక్షరాలు పెట్టింది:
'బోరింగు పాడైంది. నీళ్లు రావు.'
ఒక్క అబద్ధం లేదు,
ఒక్క చీమ అక్షరం లేదు.

పొద్దుగాల బిందె చంకనేసుకొని
ఒకామె వచ్చింది.
నిలబడి కూడబలుక్కుంట చదివింది,
'నీళ్లు' కాడి కొమ్మును ఏలుతోని తడిమింది.
"గింత ముద్దుగ రాసిండ్రంటే
ఏదో అమ్ముతనే ఉంటరు" అనుకుంట

బిందె కింద పెట్టి
చెయ్యి అందుకొని కొట్టబట్టింది.